వయసు కుదరని వాళ్ళతో నాటకం ఆడించడం ఎలా

మా విజయనగరంలో ఎవరైనా నాటకం వేద్దామని మొదలుపెడితే అందరూ అడిగేది డబ్బులెక్కడివి, హాలు దొరికిందా అని. అవి ఎలాగోలా దొరుకుతాయండీ. దొరకనిది సరైన వయసు మనిషి. పాతికేళ్ళ కుర్రాళ్ళు వైజాగో హైదరాబాదో బెంగుళూరో ఉద్యోగాలకి వెళ్ళిపోయారు, శ్రీకాకుళం వైపు పల్లెల్లో అయితే ఇంకా ముందే వలస పోయారు, సంక్రాంతికి వస్తే కనబడతారు అంతే. మిగిలింది రిటైరైన మేష్టార్లు, బ్యాంకు వాళ్ళు, ఆర్టీసీ వాళ్ళు, ఇంటరూ డిగ్రీ చదివే పిల్లలు, ఇంటి పని ముగించుకుని సాయంత్రం ఆరు దాటాక రాగలిగే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు. నాటికలో చూస్తే ఎప్పుడూ ముప్పై ఏళ్ళ హీరో, యాభై అయిదేళ్ళ తండ్రి, ఇరవై రెండేళ్ళ చెల్లెలు. ఉన్నవాళ్ళకీ కావలసినవాళ్ళకీ మధ్య పదేళ్ళో ఇరవయ్యేళ్ళో తేడా ఎప్పుడూ ఉంటుంది. ఇరవై ఏళ్ళ పైనుంచి ఈ తేడాతోనే కుస్తీ పడుతున్నాను కాబట్టి నాకు పనికొచ్చినవి రాస్తున్నాను, కొత్తగా ట్రూపు పెట్టుకున్న పిల్లలకి ఉపయోగపడతాయని.

అన్నిటికంటే ముందు ఒక్క మాట బుర్రలో పెట్టుకోండి. స్టేజి మీద వయసు ఒక్క మనిషిలో కనబడదు, ఇద్దరి మధ్యన కనబడుతుంది. ప్రేక్షకుడు ఎవరి ఆధార్ కార్డూ అడగడు, వీడు కొడుకు, ఆయన తండ్రి అని వాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మెలిగే తీరు చూసి నమ్ముతాడు. అనుమానం ఉంటే గుండమ్మ కథ చూడండి. 1962 జూన్‌లో వచ్చింది. గుండమ్మ వేసిన సూర్యకాంతం గారు పుట్టింది 1924 అక్టోబరులో, ఆ ఇంటికి అల్లుడయ్యే ఎన్టీఆర్ గారు పుట్టింది 1923 మే నెలలో, అంటే అత్తగారి కంటే అల్లుడే ఏడాదిన్నర దగ్గర పెద్ద. ఎన్టీఆర్‌కి తండ్రిగా వేసిన ఎస్వీ రంగారావు గారిది 1918 జూలై, కొడుకు కంటే నిండా అయిదేళ్ళు కూడా పెద్ద కాదు. మాయాబజార్లో అయితే ఇంకా తిరగబడింది, 1927లో పుట్టిన గుమ్మడి గారు అన్న బలరాముడు, 1923లో పుట్టిన ఎన్టీఆర్ తమ్ముడు కృష్ణుడు. మనలో ఎవరికైనా ఎప్పుడైనా అడ్డం తగిలిందా? గుండమ్మ కథలో అంజిగా నిక్కరు వేసుకుని గుండమ్మ ముందు ఎన్టీఆర్ ఒదిగి నిలబడే పద్ధతి చూడండి, అప్పటికి ఆయనకి 39 ఏళ్ళు, ఆ ఒదగడంతో తన వయసు తగ్గడమే కాదు ఎదురుగా ఉన్నావిడ వయసు పెరిగిపోయింది. అసలు సంగతి అదీ.

అందుకని వేషాలు పంచేటప్పుడు ఒక్కొక్కళ్ళనీ విడిగా పిలిచి నువ్వు ఫలానా అని పంచకండి. ఒక కాగితం మీద నాటికలో ఉన్న చుట్టరికాలన్నీ చెట్టులా గీసుకోండి, ఒక్కో పాత్ర పక్కన కథ ప్రకారం వయసు, దాని కింద మీకు దొరికిన మనిషి అసలు వయసు రాయండి. ఇప్పుడు ఒక్కో అంకె చూడకండి, జతలు చూడండి. తల్లీకొడుకూ, మొగుడూపెళ్ళాం, అన్నాతమ్ముడూ. తేడా ఏ జతలో బాగా కురచగా ఉందో లేదా తలకిందులైపోయిందో దానికింద గీత గీయండి, మీ రిహార్సల్స్‌లో సగం టైము ఆ జతకే పోతుంది, ముందే తెలిస్తే మంచిది. ఆ తర్వాత ఆ ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి మీరు వెనక్కి హాలు చివరి వరస దాకా నడిచి వెళ్ళి చూడండి. దగ్గర నుంచి చూస్తే మొహం కనబడుతుంది, చివరి వరస నుంచి చూస్తే ఎత్తు, భుజాలు, పొట్ట, నిలబడే తీరు కనబడతాయి, వయసు తొంభై పాళ్ళు అక్కడే ఉంది.

ఏ పాత్రని ముందు ఖాయం చెయ్యాలంటే అన్నిటికన్నా చిన్న వయసు పాత్రని. వయసు పెంచడం తేలిక, తగ్గించడం కష్టం. నా అనుభవంలో స్టేజి మీద 25 ఏళ్ళ కుర్రాణ్ణి 65 దాకా లాక్కెళ్ళచ్చు, 45 ఏళ్ళ మనిషిని 30కి దించడానికే చెమటలు పడతాయి. అందుకని దొరికిన వాళ్ళలో నిజంగా చిన్నవాళ్ళకి చిన్న పాత్రలు ఇచ్చేసి, మిగతా వాళ్ళందర్నీ వాళ్ళ మీంచి పైకి పేర్చుకుంటూ వెళ్ళండి. మా వాళ్ళు చాలామంది దీనికి తిరగేసి చేస్తారు, ముందు సీనియర్‌కి హీరో వేషం రాసేసి తర్వాత ఆయనకి తండ్రి ఎక్కడ దొరుకుతాడా అని ఊరంతా వెతుకుతారు, యాభై ఏళ్ళ హీరోకి తండ్రి కావాలంటే ఎనభై ఏళ్ళాయన్ని ఎక్కడినుంచి తేవాలి.

ఓసారి మా నాటికలో తల్లి 55, కొడుకు 28. దొరికినవాళ్ళు, ఆవిడకి 39, అతనికి 34. అయిదేళ్ళు తేడా. మేకప్ మేన్ ఆవిడ తల మొత్తం తెల్లగా చేసేద్దామన్నాడు, నేను వద్దన్నాను. మేం చేసింది కొడుకుని మార్చడం. గడ్డం తీయించాం, గడ్డం మనిషికి ఈజీగా నాలుగేళ్ళు కలుపుతుంది. చొక్కా ఇన్‌షర్టు తీసేసి వదులు టీషర్టు వేశాం. అసలైన పని మొదటి సీన్లో చేశాం. ఆవిడ కింద కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ ఉంటుంది, వీడు గదంతా తిరుగుతూ అమ్మా నా ఛార్జరేదీ అంటాడు, ఆవిడ తల ఎత్తదు, వాడి వైపు చూడదు, రాయి ఒకటి తీసి పక్కన పడేసి కిటికీలో ఉంది చూడరా అంటుంది. వాడు వేరే వైపు వెతుకుతుంటే ఈసారి కూడా చూడకుండా ఆ కిటికీ కాదు అంటుంది. అంతే. వాణ్ణి చూడక్కర్లేకుండా వాడేం చేస్తున్నాడో తెలిసిన మనిషి తల్లి తప్ప ఇంకెవరవుతారు? హాల్లో ఆడవాళ్ళు నవ్వారు, ఆ నవ్వు రాగానే నాకు తెలిసిపోయింది ఇంక వయసు గురించి ఎవరూ ఆలోచించరని.

దీన్నుంచి ఇంకోటి కూడా తెలుసుకోవచ్చు, వయసు సంగతి మొదటి రెండు నిమిషాల్లోనే తేల్చెయ్యాలి. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో భామాకలాపం ఆడే తూర్పు భాగవతం వాళ్ళకి ఇది తరతరాలుగా తెలుసు. సత్యభామ వేషం మగవాళ్ళే కడతారు, ఒక్కోసారి బాగా వయసు మళ్ళినాయన కడతాడు, అయినా తెర వెనకనుంచి ప్రవేశ దరువు, అంటే పాత్ర వస్తూ పాడే పాట, ఎత్తుకుని నేను ఫలానా అని ఆ పాత్రే తన గొప్పంతా తనే చెప్పుకునేసరికి ఊరంతా ఒప్పేసుకుంటుంది. తర్వాత తెల్లవార్లూ ఆయన భామే. మన సాంఘిక నాటికల్లో దరువులు లేవు గానీ మొదటి డైలాగులు ఉన్నాయి కదా. "బావగారూ మా వాడికి వచ్చే నెలకి ముప్పై నిండుతాయండి" లాంటి మాట ఒకటి ముందే పడితే చాలు. డైలాగు మార్చాల్సి వస్తే రచయితని అడిగే మార్చండి, మా అనుభవంలో ఒక అంకె మార్చుకుంటామంటే కాదన్న రచయిత లేడు, అడక్కుండా మారిస్తే మాత్రం బాధపడతారు, పడాలి కూడా.

గొంతు గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మొహం చూసి వేషం ఇచ్చేసి గొంతు దగ్గర దెబ్బతిన్న సందర్భాలు చాలా ఉన్నాయి నాకు. ఈ మధ్య నేను చేసేది ఏంటంటే, వేషం ఇచ్చే ముందు ఓ పది లైన్లు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమంటాను. దాన్ని మా ఇంట్లో వాళ్ళకి, ఆ మనిషిని ఎప్పుడూ చూడని వాళ్ళకి వినిపించి ఈ గొంతు మనిషికి ఎన్నేళ్ళుంటాయి అని అడుగుతాను. 58 ఏళ్ళ ఒకాయనకి మా అత్తగారు నలభై లోపే ఉంటాయి బాబూ అన్నారు, ఆ మాటతోనే ఆయనకి మెయిన్ వేషం ఇచ్చాను. 23 ఏళ్ళ అబ్బాయి గొంతుకి మా అమ్మాయి యాభై చెప్పింది, వాడికి తండ్రి వేషం. మైకులో వినబడే నాటకానికి ఇంతకంటే మంచి పరీక్ష నాకు కనబడలేదు. ముసలి గొంతు కావాలంటే వణికించమని మాత్రం ఎప్పుడూ చెప్పకండి, వణుకు రెండు నిమిషాలే బాగుంటుంది, నలభై నిమిషాలు వినలేం, పైగా మాట అర్థం కాదు. దానికి బదులు ఊపిరి చోటు మార్చండి. కుర్రాడు ఒక వాక్యం ఒకే గుక్కలో చెప్తాడు, పెద్దాయన అదే వాక్యంలో ఒకచోట ఆగి గాలి తీసుకుంటాడు, ఆ ఆగే చోటు ఎక్కడో స్క్రిప్టులో పెన్సిల్‌తో గీత పెట్టి ఇవ్వండి. అంతే చాలు, గొంతు మార్చక్కర్లేదు.

ఇంక ఒళ్ళు. కుర్రాళ్ళకి ముసలి వేషం ఇవ్వగానే చేసే మొదటి పని నడుం వంచెయ్యడం, కర్ర పట్టుకోవడం, దగ్గడం. ఇవి మూడూ ఆపించండి. మన కళింగపట్నం, భావనపాడు వైపు వెళ్ళి వేటకి వెళ్ళే పెద్దవాళ్ళని చూడండి, అరవై దాటినా వెన్ను నిటారుగా ఉంటుంది, వయసంతా మొహం మీద ఎండలోనూ మెడ వెనక ముడతల్లోనూ ఉంటుంది. పలాసలో జీడిపిక్కలు వలిచే ఆడవాళ్ళకి ముప్పై అయిదేళ్ళకే చేతులు చూస్తే అరవై అనిపిస్తాయి, ఆ జీడి నూనె మరకలు అలా ఉండిపోతాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఉన్న మనిషి నలభై ఏళ్ళకే అరుగు మీంచి లేవలేడు. కాబట్టి పాత్ర వయసు 60 అని రాసి ఉంటే ఆగిపోకండి, ఏ పని చేసిన అరవయ్యేళ్ళు అని అడగండి. గుమస్తా అరవై వేరు, చేపల మనిషి అరవై వేరు.

మా ట్రూపులో గజపతినగరం నుంచి వచ్చే అబ్బాయి ఒకడికి 26 ఏళ్ళు, డెబ్భై ఏళ్ళ తాత వేషం పడింది. రిహార్సల్లో ఎంత చెప్పినా వంగి వణికిపోతున్నాడు. చెప్పడం మానేసి ఓ ఆదివారం పొద్దున్నే మా ఆర్టీసీ కాంప్లెక్సుకి తీసుకెళ్ళి టీ ఇప్పించి ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం, రెండు గంటలు. ఒక పెద్దాయన పార్వతీపురం బస్సు కోసం కూర్చున్నాడు, ఒళ్ళో గుడ్డ సంచి. బస్సు వచ్చింది. ఆయన లేవలేదు వెంటనే. ముందు సంచి చేతికి తగిలించుకున్నాడు. తర్వాత రెండు పాదాలూ బెంచీ కిందకి కాస్త వెనక్కి లాక్కున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ముందుకి ఒరిగాడు, అప్పుడు లేచాడు. లేచాక నడవలేదు, ఒక్క క్షణం నిలబడ్డాడు, కాళ్ళు తనవేనా అని చూసుకున్నట్టు, అప్పుడు కదిలాడు. కదిలాక మాత్రం చక్కగానే నడిచాడు, బస్సు మెట్టు దగ్గర మళ్ళీ చెయ్యి ముందు వెళ్ళింది, కాలు తర్వాత. మా వాడు నా వైపు చూసి "సార్, ఈయన అసలు వంగలేదు కదా" అన్నాడు. అదే రా బాబూ అన్నాను. నాటికలో వాడు కుర్చీలోంచి మూడుసార్లు లేస్తాడు, ఆ మూడుసార్లూ ఈ వరసలోనే లేచాడు, మిగతా అంతా మామూలుగా చేశాడు. మేకప్ కూడా పెద్దగా లేదు వాడికి.

మేకప్ సంగతి వచ్చింది కాబట్టి, ఎంత తక్కువైతే అంత మంచిది. నుదుటి మీద నల్ల పెన్సిల్‌తో అడ్డగీతలు గీసే అలవాటు మానెయ్యండి, దూరానికి అవి నామాల్లా కనబడతాయి. నటుణ్ణి గట్టిగా మొహం చిట్లించమనండి, ఎక్కడ మడత పడిందో అక్కడే బ్రౌన్ షేడ్ పెట్టి వేలితో కలిపేసి దాని పక్కనే కొంచెం లేత షేడ్ పెట్టండి, మడతకి లోతు వస్తుంది. జుట్టుకి టాల్కం పౌడరు కొడితే ఎవరైనా తల మీద చెయ్యి వేసిన సీన్లో దుమ్ము లేస్తుంది, దానికి బదులు తెల్ల పాన్‌కేక్ మేకప్ తడిపి పాత టూత్ బ్రష్‌తో చెవుల పైన, కణతల దగ్గర, మీసంలో అక్కడక్కడ రుద్దండి చాలు. మెడ, చేతులు, పాదాలు మర్చిపోకండి, డెబ్భై ఏళ్ళ మొహం కింద పాతికేళ్ళ చేతులు ఊగుతుంటే ముందు వరసవాళ్ళకి అదే కనబడుతుంది. గడ్డం అతికించాలంటే ముందు నున్నగా షేవ్ చేయించండి, అతికించే జిగురు స్పిరిట్ గమ్ ముందురోజే చెవి వెనక చుక్క రాసి చూడండి కొందరికి పడదు, మన సముద్రం వైపు ఉక్కకి చెమట పట్టి రెండో సీనుకే ఊడొస్తుంది కాబట్టి దాని మీద ఆధారపడే బదులు ఆ కుర్రాడికి నెల ముందే చెప్పి నిజం గడ్డం పెంచమనడం మేలు.

పెద్దవాళ్ళు చిన్న వేషం వెయ్యడం గురించి. ఇది కష్టం అన్నాను, కానీ కుదిరితే దానంత అందం ఇంకోటి లేదు. మా ఊళ్ళో దీనికి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు, కన్యాశుల్కం ఉంది. 1892లో ఇక్కడే మొదట ఆడారు, బొంకులదిబ్బ దగ్గర మొదలయ్యే నాటకం అది, మా ఊరి వీధులు అందులో ఉన్నాయి. గిరీశం బడికెళ్ళే వెంకటేశానికి చదువు చెప్పేవాడు, బుచ్చమ్మ మనసు దోచేవాడు, అంటే కుర్రవాడే. కానీ మన లూకలాం అగ్రహారంలో పుట్టిన జె.వి.రమణమూర్తి గారు దశాబ్దాల తరబడి ఆ గిరీశాన్ని ఆడుతూ వచ్చారు, ఆయన వయసు పెరుగుతూనే ఉంది, గిరీశం వయసు మాత్రం పెరగలేదు. అలా ఎలా కుదురుతుంది అంటే గిరీశం కుర్రతనం అంతా నాలుకలో ఉంది, ఒక అబద్ధం పట్టుబడే లోపు ఇంకో అబద్ధం మీదకి దూకే స్పీడులో ఉంది. పెద్ద వయసు నటుడు చిన్న పాత్ర చేసేటప్పుడు జుట్టుకి రంగెయ్యడం కంటే ముందు చూసుకోవలసింది ఇదే, ఎదుటివాడి మాట ఆఖరి అక్షరం పడకముందే మన మొహంలో జవాబు మెదలాలి. పెద్దవాళ్ళం విని, ఆలోచించి, అప్పుడు మాట్లాడతాం. ఆ మధ్యలో ఖాళీ తీసేస్తే పదేళ్ళు తగ్గుతాయి. ఇది ప్రాక్టీసుతో వస్తుంది, క్యూ డైలాగులు, అంటే మన మాటకి ముందు ఎదుటివాడు చెప్పేవి, బాగా కంఠతా రావాలి, పక్కనుంచి మాట అందించే ప్రాంప్టింగ్ మీద బతికే నటుడు చిన్న వేషం ఎప్పటికీ వెయ్యలేడు. అతని వెతుకులాట ప్రేక్షకుడికి వయసులాగే కనబడుతుంది.

అదే కన్యాశుల్కంలో కరటక శాస్త్రి చేసిన పని చూడండి, లుబ్ధావధాన్లుకి పెళ్ళికూతురుగా తన శిష్యుడికే ఆడపిల్ల వేషం కట్టి తీసుకెళ్తాడు. ఆయన నాటకాల మనిషి కాబట్టి ఎవరు ఏ వేషానికి పనికొస్తారో తెలుసు, ఇంకో సంగతి కూడా తెలుసు, పెళ్ళి చేసుకోవాలని తహతహలాడే ముసలాయన తేరిపార చూడడని. చూసేవాడికి ఏం కావాలో అది వాడికి ముందు కనబడుతుంది.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే విషయం. మన ట్రూపుల్లో మగవాడు 55 దాటినా హీరో, ఆడమనిషికి 35 వచ్చేసరికి తల్లి వేషం. ఎవరూ ఆలోచించరు, అలవాటుగా ఇచ్చేస్తారు. మా దగ్గర ఒకావిడ, 41 ఏళ్ళు, స్టేజి మీద మెరుపులా ఉంటుంది, ఆవిడతో 30 ఏళ్ళ టీచరు పాత్ర వేయించాను. నాటక పోటీలు పెట్టే ఒక పరిషత్తులో నాటిక అయిపోయాక న్యాయనిర్ణేతల్లో ఒకాయన అందరి ముందూ ఆ అమ్మ ఈ వయసులో ఆ వేషం వెయ్యకూడదు అన్నాడు. పక్కన ఆవిడకి భర్తగా వేసిన ఆయనకి 53, ఆయన్ని ఏమీ అనలేదు. ఆవిడ ఆ రాత్రి తిరుగు బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను అప్పుడే లేచి ఆయనకి సమాధానం చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు, అది నా తప్పు. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను, మీరూ పెట్టుకోండి. ఆడవాళ్ళ వయసు మీద ఎవరైనా మాట అంటే అదే నాటికలో మగవాళ్ళ వయసులు అంకెలతో సహా చెప్పాలి, అక్కడే, మైకులోనే. జంటకి పెద్ద తేడా ఉంటే ఆడమనిషిని మార్చే ముందు మగవాణ్ణి మార్చండి, కథ కూడా నిజం అవుతుంది.

వేషం మార్చాలని పెద్దవాళ్ళకి చెప్పడం కూడా పనిలో భాగమే, అది నేర్చుకోవాలి. మా ట్రూపులో రిటైరైన డ్రైవరు గారు ఒకాయన ఉండేవారు, ఎన్నో ఏళ్ళు కొడుకు వేషమే వేశారు, జనం ఆయన పేరు మర్చిపోయి ఆ పాత్ర పేరుతోనే పిలిచేవారు. ఓసారి రిహార్సల్లో అందరి ముందూ "ఈసారి మీరు తండ్రి చెయ్యండి మావా" అనేశాను. ఆయన లేచి "ఏటి బాబూ, నాను ముసిలోణ్ణయిపోనానా?" అన్నారు, కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయారు, నాలుగు రోజులు రాలేదు. అయిదో రోజు నేనే ఇంటికెళ్ళాను, వాళ్ళావిడ కాఫీ ఇచ్చారు, ఆయన మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నారు. నేను తండ్రి మాట ఎత్తలేదు. "మావా, ఆ కుర్రాడికి మీ నడక రావట్లేదు, మీరొచ్చి చూపిస్తే గానీ అవ్వదు" అన్నాను. అది నిజం కూడా, వాడికి రావట్లేదు. ఆయన వచ్చారు, వాడికి వారం రోజులు నేర్పారు, నేర్పుతూ నేర్పుతూ తండ్రి స్థానంలోకి వెళ్ళిపోయారు. కుర్రాడు తప్పు చేసినప్పుడు ఆయన చూసే చూపు, అదే నాటికలోకి తీసుకున్నాం. కాబట్టి ఇలాంటి మాటలు ఇంటికెళ్ళి చెప్పండి, ఒంటరిగా, నిలబడి కాదు కూర్చుని.

షార్ట్ ఫిలిం తీసేవాళ్ళకి ఒక్క ముక్క. స్టేజి మీద చెప్పినవన్నీ కెమెరా ముందు సగానికి పడిపోతాయి. క్లోజప్‌లో అయిదేళ్ళు పైకీ కిందకీ జరపచ్చు, అంతకు మించితే చర్మమే చెప్పేస్తుంది. ఫ్లాష్‌బ్యాక్‌లో చిన్నప్పటి పాత్రకి వేరే మనిషిని పెట్టుకోవడమే దారి, అప్పుడు మొహం పోలిక కోసం వెతక్కండి, ఒక అలవాటు పోలిక పెట్టండి, చెవి రుద్దుకోవడమో, గోరు కొరకడమో, ఎడం చేత్తో గ్లాసు పట్టుకోవడమో, చిన్నవాడూ పెద్దవాడూ ఇద్దరూ అదే చేస్తే జనం కలిపేసుకుంటారు. పిల్లల్ని పెట్టేటప్పుడు మాత్రం చట్టం చూసుకోండి. 2016లో బాలకార్మిక చట్టం సవరించారు, 2017లో రూల్స్ వచ్చాయి, వాటి ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలతో షూటింగ్ చెయ్యాలంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి, రోజుకి 5 గంటలు దాటకూడదు, మధ్యలో రెస్టు లేకుండా 3 గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులు మించి పని చేయించకూడదు, పిల్లకి వచ్చే డబ్బులో కనీసం 20 శాతం ఆ పిల్ల పేరు మీదే ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి. రూపాయి ఇవ్వని నాటకమే అయినా నేను ఈ గంటల లెక్క పాటిస్తాను, స్కూలున్న గుంటల్ని రాత్రి పదింటి దాకా రిహార్సల్లో కూర్చోబెట్టడం పాపం. పదేళ్ళ పిల్ల పాత్ర బరువైనదైతే, తాగుబోతు తండ్రి కొట్టడం లాంటి సీన్లుంటే, పొట్టిగా ఉండే పదహారేళ్ళ అమ్మాయిని తీసుకుని రెండు జడలు వేయించండి. నిజం పదేళ్ళ పిల్ల చేత అది వారం వారం ఏడిపించి చేయించద్దు.

ఇంక ఆఖరి పరీక్ష. నాటికకి నాలుగు రోజుల ముందు డ్రస్సులతో ఒకసారి మొత్తం ఆడించండి, కథ తెలియని ఒక్క మనిషిని తెచ్చి చివర కూర్చోబెట్టండి. బాగుందా అని అడక్కండి, బాగుందనే అంటారు. ఎవరు ఎవరికి ఏమవుతారు అని అడగండి. మొన్న మేం హాలు వాచ్‌మేన్ గారిని కూర్చోబెట్టాం, పదిహేను నిమిషాలు చూసి "ఆ అమ్మ ఆ బాబుకి అప్ప కదేటండి?" అన్నారు. అప్ప అంటే అక్క. అమ్మ అవ్వాలి. ఏం చూసి అలా అనిపించిందండీ అంటే కాసేపు ఆలోచించి "మాట్లాడినప్పుడల్లా ఆ బాబు మొహం చూసి మాట్లాడతంది, అమ్మయితే పని చేసుకుంటా మాట్లాడతాది" అన్నారు. ఆవిడ చేతికి ఓ చీపురు ఇచ్చి మళ్ళీ మొదటి సీను నుంచి మొదలుపెట్టాం.